స్ట్రోక్ తర్వాత మెదడుకు ట్రేసర్ స్కాన్: చేయవలసినవి, చేయకూడనివి

పెట్ స్కాన్ గది తలుపు మీద పసుపు పలక, దాని మీద మూడు రెక్కల గుర్తు కనబడగానే రోగి వెంట వచ్చినవాళ్ల నడక నెమ్మదిస్తుంది. "లోపలికి వెళ్తే మాకేమైనా అవుతుందా?" అన్నది తొలి ప్రశ్న. అడగవలసిన ప్రశ్నే. అయితే బల్ల మీద పడుకోబోయేది పక్షవాతం వచ్చిన మనిషి అయినప్పుడు అంతకంటే ముందు అడగవలసినవి చాలా ఉన్నాయి. ఆయన ఒంట్లోకి ఎక్కించే రేడియోధార్మిక మందు (ట్రేసర్) కంటే, దానికోసం చేసే ఆలస్యం ప్రమాదం. స్కాన్ బల్ల మీద పడిపోయే బీపీ ప్రమాదం. దాహమేస్తోందేమోనని జాలిపడి పోసే గుక్కెడు నీళ్లు ప్రమాదం. మన భయాల వరుస తారుమారైంది. కింద చెప్పే జాగ్రత్తలన్నీ ఆ వరుసను సరిచేయడానికే.

ఆ మందు వెతికేది దేన్ని?

మెదడుకు వెళ్లే నాళంలో రక్తపు గడ్డ అడ్డుపడితే, దాని మీద ఆధారపడ్డ భాగమంతా ఒక్కసారిగా చనిపోదు. నడిమధ్య భాగం నిమిషాల్లో పోతుంది. చుట్టూ ఉన్నది పనిచేయడం మానేస్తుంది గానీ ప్రాణంతోనే ఉంటుంది. పక్క నాళాల నుంచి వచ్చే కొద్దిపాటి రక్తంలోంచి ఆక్సిజన్‌ను మామూలు కంటే ఎక్కువగా పిండుకుంటూ కొన్ని గంటలు, కొందరిలో ఇంకా ఎక్కువసేపు, నిలబడుతుంది. వైద్యులు దాన్ని పెనుంబ్రా అంటారు. చికిత్సతో దక్కించుకోగలిగింది ఆ భాగాన్నే.

దాన్ని కనిపెట్టడానికి రెండు దారులున్నాయి. మొదటిది ఆక్సిజన్-15. పేరుకు తగ్గట్టే అది రేడియోధార్మిక ఆక్సిజన్. పీల్చే వాయువుగానో, నీటి రూపంలో సూదిమందుగానో ఇస్తారు. మెదడు ఎంత రక్తం అందుకుంటోంది, అందులోని ఆక్సిజన్‌లో ఎన్నో వంతు లాక్కుంటోంది అన్నది దీంతో కొలుస్తారు. ఆరోగ్యవంతుడి మెదడు తనకు అందిన ఆక్సిజన్‌లో సుమారు 40 శాతం తీసుకుంటుంది. రక్తం తగ్గి అల్లాడుతున్న భాగం 80 శాతం దాకా లాక్కుంటుంది. ఫ్రాన్స్‌లో జాన్-క్లోడ్ బారన్ బృందం 1981లో ఈ పరిస్థితిని పెట్ స్కాన్‌తో చూపించి, దానికి మిజరీ పర్ఫ్యూజన్ అని పేరు పెట్టింది.

రెండో దారి ఫ్లోరిన్-18 తగిలించిన ఫ్లోరోమిసోనిడజోల్. ల్యాబుల్లో దాన్ని ఎఫ్‌మిసో అంటారు. దాని తమాషా చూడండి. అది కణాల్లోకి తనంతట తానే చొరబడుతుంది. బతికున్న కణంలోని ఎంజైములు దానికి ఒక ఎలక్ట్రాన్ అందిస్తాయి. ఆక్సిజన్ సరిపడా ఉంటే ఆ ఎలక్ట్రాన్‌ను ఆక్సిజన్ లాగేసుకుంటుంది, ఎఫ్‌మిసో యథాస్థితికి వచ్చి బయటికి వెళ్లిపోతుంది. ఆక్సిజన్ కరవైన చోట మార్పు ముందుకు సాగి, కణంలోని పదార్థాలకు అతుక్కుపోతుంది. చనిపోయిన కణంలో ఎంజైములే పనిచేయవు కాబట్టి అక్కడ అతుక్కోదు. అంటే బతికి ఉండి, ఊపిరాడక ఉన్న కణాన్ని మాత్రమే అది పట్టిస్తుంది. మెల్‌బోర్న్‌లోని ఆస్టిన్ హాస్పిటల్‌లో రీడ్, డోనన్, వారి సహచరులు స్ట్రోక్ రోగుల మీద దీన్ని వాడి 1998లో ఫలితాలు ప్రకటించారు. స్ట్రోక్ వచ్చిన రెండు రోజుల లోపల చూసినప్పుడు కొందరిలో ఇలాంటి భాగం ఇంకా కనబడింది. వారం, పది రోజుల తర్వాత మళ్లీ చూస్తే లేదు.

మొదట చికిత్స, తర్వాతే ట్రేసర్

అన్నిటికంటే పెద్ద "చేయకూడనిది" ఇక్కడే చెప్పాలి. గడ్డను కరిగించే మందు ఇవ్వాలా వద్దా అని తేల్చుకోవడానికి ఎఫ్‌మిసో స్కాన్ కోసం ఆగకండి. ఆగమని ఎవరైనా అంటే ఎందుకని అడగండి.

లెక్క సులువే. సూది వేసిన తర్వాత ఎఫ్‌మిసో ఊపిరాడని కణాల్లో నిలిచి, మిగతా చోట్ల నుంచి తుడిచిపెట్టుకుపోయి, బొమ్మ తేటపడడానికి రెండు గంటలో, ఇంకాస్త ఎక్కువో పడుతుంది. పెద్ద నాళం మూసుకుపోయి చికిత్స అందని స్ట్రోక్‌లో నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు పోతాయని అమెరికా న్యూరాలజిస్టు జెఫ్రీ సేవర్ 2006లో లెక్కగట్టారు. ఆ చొప్పున రెండు గంటల నిరీక్షణ ఖరీదు దాదాపు 23 కోట్ల కణాలు. గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు సాధారణంగా ఉన్న గడువే నాలుగున్నర గంటలు. కాపాడవలసినదాన్ని ఫొటో తీయడానికి దాన్నే బలిపెట్టడం ఏం న్యాయం?

నాలుగున్నర గంటలు దాటాక వచ్చినవారి సంగతి? వాళ్లకు కూడా అత్యవసరంగా చేసేది సీటీ పర్ఫ్యూజనో, ఎంఆర్ఐయో. 2018లో వెలువడిన డాన్, డిఫ్యూజ్-3 పరీక్షల తర్వాత, తగిన రోగుల్ని ఈ బొమ్మలతో ఎంచుకుని 24 గంటల దాకా గడ్డను తీగతో లాగేసే చికిత్స చేస్తున్నారు. ఆ స్కాన్లు నిమిషాల్లో అయిపోతాయి. ట్రేసర్ల అసలు చోటు పరిశోధనలో. కొత్త మందు పెనుంబ్రాను నిజంగా కాపాడుతోందా, సీటీ చూపించే భాగం నిజంగా ఆక్సిజన్ లేనిదేనా అని తేల్చడంలో వాటికి సాటి లేదు. మెడలోని పెద్ద నాళం మూసుకుపోయి, మెదడు ఆక్సిజన్ కొరత అంచున ఉన్నవారిలో దాని తట్టుకునే శక్తిని అంచనా వేయడానికి కూడా వాడతారు.

కాబట్టి ఇంట్లో ఎవరికైనా మూతి వంకర పోతే, చేయి వాలిపోతే, మాట తడబడితే 108కి ఫోన్ చేయండి. సీటీ స్కాను, గడ్డ కరిగించే మందు రెండూ ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లండి. చివరిసారి మామూలుగా ఎప్పుడు ఉన్నారో ఆ సమయం కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. "పొద్దున లేచేసరికి ఇలా ఉంది" అన్నది సరిపోదు. రాత్రి పడుకునే ముందు ఎన్నింటికి బాగా మాట్లాడారో కావాలి. వేసుకునే మందుల చీటీ, ముఖ్యంగా రక్తం పలుచన చేసే మాత్రలుంటే అవి, వెంట తెచ్చుకోండి.

పావురం రక్తం పూయించడం, పసరు పోయించడం, ఊళ్లో ఆర్‌ఎంపీ చేత నాలుక కింద బీపీ మాత్ర పెట్టించడం, ఈ మూడూ చేయకండి. మొదటిది గంటలు తినేస్తుంది. రెండోది గొంతు పట్టుతప్పిన మనిషి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మూడోది అన్నిటికంటే చెడ్డది, ఎందుకంటే చేసినవాడికి మంచి చేశానన్న తృప్తి ఉంటుంది. స్ట్రోక్ వచ్చిన గంటల్లో బీపీ పెరగడం మామూలే. పక్కదారి నాళాల గుండా ఆ కాస్త రక్తాన్ని నెట్టుకొస్తున్నది ఆ ఒత్తిడే. దాన్ని ఒక్కసారిగా పడగొడితే ఊపిరాడని భాగానికి గోరుచుట్టు మీద రోకటిపోటు. ఎప్పుడు, ఎంత తగ్గించాలన్నది ఆస్పత్రిలో కొలిచి, చూసి చేయవలసిన పని.

సంతకం పెట్టే ముందు

స్ట్రోక్ రోగికి ట్రేసర్ స్కాన్ అంటే చాలాసార్లు అది పరిశోధనలో భాగం. అప్పుడు మీ చేతికి ఒక సమ్మతి పత్రం వస్తుంది. అది తెలుగులో కావాలని అడగండి. ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందో లేదో అడగండి. ఒప్పుకోకపోయినా చికిత్సలో ఏ తేడా ఉండకూడదన్నది మీ హక్కు, డాక్టరుగారి దయ కాదు. మాట పోయిన రోగికి మతి పోయిందనుకోకండి. చాలామందికి ఎదుటివాళ్లు చెప్పేది అర్థమవుతుంది, జవాబు చెప్పే నోరే ఉండదు. ఆయన ఎదురుగా కూర్చుని, చిన్న మాటల్లో చెప్పి, తల ఊపుతారేమో చూసి, ఆ తర్వాత మీ సంతకం పెట్టండి.

స్కాన్ వాళ్లకు ఇవి దాచకుండా చెప్పండి: గర్భం, గర్భం ఉండొచ్చన్న అనుమానం, పాలిచ్చే బిడ్డ, గతంలో మందులకు వచ్చిన దద్దుర్లు, ఇరుకుచోట్ల భయం, ఇటీవల చేయించిన ఇతర న్యూక్లియర్ మెడిసిన్ పరీక్షలు. పాలిచ్చే తల్లి బిడ్డకు ఎన్ని గంటలు దూరంగా ఉండాలన్నది ట్రేసర్‌ను బట్టి మారుతుంది. పక్కింటావిడకు చెప్పింది మీకు వర్తించదు.

కడుపు మాడ్చకండి. క్యాన్సర్‌కు చేసే పెట్ స్కాన్‌లో వాడేది గ్లూకోజ్ లాంటి పదార్థం కాబట్టి ఉపవాసం ఉండమంటారు. ఎఫ్‌మిసోకు గ్లూకోజ్‌తో సంబంధం లేదు. షుగర్ మందు వేసుకుని, పెట్ స్కాన్ అంటే పస్తే అనుకుని, ఏమీ తినకుండా వచ్చిన మనిషికి చక్కెర పడిపోతే ఆ లక్షణాలు కూడా స్ట్రోక్‌లాగే కనబడతాయి. తినమన్నారా, వద్దన్నారా అని స్పష్టంగా అడిగి రాసుకోండి. తినమన్నా సరే, మింగే పరీక్ష అయ్యేదాకా నోట్లో చుక్క నీరు పోయకండి, కాఫీ పోయకండి, తీర్థం కూడా వద్దు. ఇది స్కాన్ నియమం కాదు, స్ట్రోక్ నియమం. స్కాన్ గది బయట రెండు గంటలు ఎదురుచూసే వేళ తరచూ మరచిపోయేది దీన్నే.

రేడియేషన్ అసలు ఎంత?

ఎఫ్‌మిసో మామూలు మోతాదు ఒకటి తీసుకుందాం. ఏడు మిల్లీక్యూరీలు, అంటే సుమారు 260 మెగాబెకరల్. రోగి శరీరమంతటికీ పడే లెక్క మూడు, మూడున్నర మిల్లీసీవర్ట్‌లు. స్కాన్‌తో పాటు తీసే సీటీ దానికి కొంత కలుపుతుంది. నేల నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి ప్రతి మనిషికీ ఏడాదికి వచ్చే సహజ రేడియేషన్ ప్రపంచ సగటు 2.4 మిల్లీసీవర్ట్‌లు. ఏడాదిన్నర కాలానికి రావలసింది ఒక్కరోజులో వచ్చిందనుకోండి.

పక్కన కూర్చున్నవాళ్ల మాటకొస్తే, సూది వేసిన వెంటనే ఒక మీటరు దూరంలో గంటకు పాతిక మైక్రోసీవర్ట్‌లకు కాస్త లోపు. అంటే మూడు, నాలుగు రోజుల సహజ రేడియేషన్. రెండు గంటలు గడిచేసరికి అందులో సగం కూడా ఉండదు. ఫ్లోరిన్-18 అర్ధాయువు దాదాపు 110 నిమిషాలు. పది అర్ధాయువులు, అంటే పద్దెనిమిది గంటల చిల్లర, గడిస్తే వెయ్యో వంతుకు దిగుతుంది. ఆక్సిజన్-15 అర్ధాయువు రెండు నిమిషాలే, కాఫీ తాగొచ్చేలోపు అయిపోతుంది. అందుకే దాన్ని వాడాలంటే, దాన్ని తయారుచేసే సైక్లోట్రాన్ యంత్రం అదే ఆవరణలో ఉండాలి. ఇంకో ఊరి నుంచి తెప్పించుకునే వీలు లేదు.

రోగికి ఇది ఒకసారి జరిగేది, ప్రయోజనం కోసం జరిగేది. అదే గదిలో రోజూ పనిచేసే నర్సుకు, టెక్నాలజిస్టుకు ప్రతిరోజూ కొద్దికొద్దిగా చేరేది. జాగ్రత్త ఎక్కువ కావలసింది వాళ్లకే.

గదిలో పనిచేసేవారికి

న్యూక్లియర్ మెడిసిన్ విభాగంలో పనిచేసేవారికి ఈ జాగ్రత్తలు కొత్త కావు. కానీ స్ట్రోక్ రోగి వెంట న్యూరో వార్డు నుంచి వచ్చే నర్సుకు, స్ట్రెచర్ నెట్టుకొచ్చే వార్డుబాయ్‌కి ఎవరూ చెప్పరు.

సీసం ఏప్రాన్‌ను నమ్ముకోకండి. ఎక్స్‌రే గదిలో వేసుకునే అర మిల్లీమీటరు సీసం ఏప్రాన్ ఇక్కడ దాదాపు పనికిరాదు. పెట్ ట్రేసర్ల నుంచి వచ్చే కిరణాల శక్తి 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. వాటిని సగానికి తగ్గించాలంటేనే నాలుగు మిల్లీమీటర్లకు పైగా సీసం కావాలి. ఏప్రాన్ వేసుకున్న ధైర్యంతో రోగి పక్కన పది నిమిషాలు ఎక్కువ నిలబడితే, వేసుకోకుండా తొందరగా పని ముగించినవారికంటే మీకే ఎక్కువ తగులుతుంది. ఏప్రాన్ బరువుకు నడుం నొప్పి అదనం. టెక్నీషియం-99ఎంతో చేసే స్పెక్ట్ స్కాన్ వేరు. దాని కిరణాల శక్తి 140 కిలో ఎలక్ట్రాన్ వోల్టులే కాబట్టి అక్కడ ఏప్రాన్ కొంత ఆదుకుంటుంది.

పెట్ గదిలో మిమ్మల్ని కాపాడేవి గడియారం, అడుగులు, సిరంజి చుట్టూ ఉండే టంగ్‌స్టన్ కవచం. దూరం రెట్టింపైతే డోసు నాలుగో వంతు అవుతుంది. అందుకని దగ్గరుండి చేయవలసిన పనులన్నీ సూదికి ముందే ముగించండి. కాన్యులా పెట్టడం, బీపీ పట్టీ కట్టడం, ఈసీజీ తీగలు అంటించడం, డైపర్ మార్చడం, తలకట్టు సరిచూడడం, రోగికి ధైర్యం చెప్పడం కూడా. సూది పడ్డాక మానిటర్ తెరను కిటికీ అవతలి నుంచి చూడండి. అవసరమైతే వెంటనే లోపలికి వెళ్లండి.

ఆ చివరి వాక్యం మీద కాస్త ఆగాలి. స్ట్రోక్ రోగికి స్కాన్ బల్ల మీద ఫిట్స్ రావచ్చు, వాంతి కావచ్చు, నాలుక వెనక్కి జారి ఊపిరి ఆగవచ్చు. అలాంటప్పుడు రేడియేషన్ సేఫ్టీ ఆఫీసరు వచ్చేదాకా గుమ్మంలో నిలబడకండి. పరుగెత్తండి. రోగిని పక్కకు తిప్పండి, గొంతు సక్షన్ చేయండి, సీపీఆర్ కావలిస్తే చేయండి. గ్లవ్స్ చాలు. రోగిని ముట్టుకుని అరగంట పనిచేసినా మీకు వచ్చేది ఏడాది పరిమితితో పోలిస్తే చాలా చిన్న భాగం. మన దేశంలో అణుశక్తి నియంత్రణ మండలి రేడియేషన్ సిబ్బందికి పెట్టిన పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30కి మించకూడదు. ప్రాణం కాపాడుతూ తగిలే మైక్రోసీవర్ట్‌లకు వెనకాడవలసిన పని లేదు.

బ్యాడ్జి మాటకొస్తే, ఛాతీ దగ్గర పెట్టుకోవలసిన టీఎల్‌డీ బ్యాడ్జిని డ్రాయర్‌లో భద్రంగా దాచకండి. లెక్క ఎక్కువొస్తే పై వాళ్లు అడుగుతారని విప్పి పెట్టేవాళ్లున్నారు. అది కొలిచేది మీకు తగిలిన రేడియేషన్‌ను, మీ క్రమశిక్షణను కాదు. సిరంజి పట్టుకునేవారు వేలికి ఉంగరం బ్యాడ్జి కూడా పెట్టుకోవాలి, ఎందుకంటే ఛాతీ కంటే వేళ్లకు తగిలేది ఎన్నో రెట్లు. గర్భం నిర్ధారణ కాగానే ఆ సంగతి రాతపూర్వకంగా తెలియజేయండి. అప్పటి నుంచి డ్యూటీ మార్చడం ఆస్పత్రి బాధ్యత.

సూదిని పక్షవాతం పడిన చేతికి వేయకండి. ఆ చేతికి స్పర్శ సరిగా ఉండదు. మందు నరం దాటి కండలోకి పోయినా రోగి "మంట" అనడు. అప్పుడు మెదడుకు చేరవలసింది మోచేతి దగ్గరే ఉండిపోయి, బొమ్మ బలహీనంగా వస్తుంది. ఊపిరాడని భాగం లేదని పొరపాటు పడడానికి అంతకంటే సులువైన దారి లేదు. బాగున్న చేతికే వేయండి, ముందు సెలైన్‌తో నరం సాఫీగా ఉందో లేదో చూడండి.

ఆక్సిజన్-15తో అంకెలు కచ్చితంగా రావాలంటే మణికట్టు ధమనిలో గొట్టం పెట్టి రక్తం తీస్తుండాలి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ పడిన రోగికి, కేవలం స్కాన్ కోసమని, తొలి 24 గంటల్లో ఆ పని చేయకండి. వాయువు పీల్పించే పద్ధతిలో ఇంకో చిక్కుంది. మూతి వంకరపోయిన ముఖానికి మాస్కు సరిగా అతకదు. వాయువు గదిలోకి కారుతుంది, కొలత కూడా చెడుతుంది. స్కాన్ మొదలుకాక ముందే ఉత్త గాలితో మాస్కు బిగుతు సరిచూసుకోండి, గదిలో గాలి బయటికి లాగే ఏర్పాటు నడుస్తోందో లేదో కూడా.

రోగికి ఆక్సిజన్ ఇస్తున్నారా? ఎంత ఇస్తున్నారో అంతే సాగనివ్వండి, ఆ అంకె రాసి ఉంచండి. బొమ్మ బాగా రావాలని తగ్గించడం నేరం లాంటిది. ఊరికే పెంచడం వల్ల కూడా లాభం లేదు. రక్తంలో ఆక్సిజన్ 94 శాతం పైన ఉన్నవారికి అదనంగా ఇవ్వాలన్న సిఫారసు లేదు. కదులుతున్నారని మత్తు ఇవ్వడానికి తొందరపడకండి. మత్తులో ఊపిరి మందగిస్తుంది, బీపీ పడుతుంది, పెనుంబ్రాకు రెండూ శత్రువులే. తలకు మెత్తటి పట్టీ కట్టి, ఇంటివాళ్లలో ఒకరిని సూదికి ముందు పక్కన నిలబెట్టి నచ్చజెప్పిస్తే చాలామంది నిశ్చలంగా ఉంటారు.

బొమ్మ చూసి మాట్లాడేవారికి

తెర మీద రంగులు మోసం చేస్తాయి. ఎఫ్‌మిసో బొమ్మలో ఆరోగ్యంగా ఉన్న మెదడు మసకగా ఉంటుంది, చచ్చిపోయిన భాగం కూడా మసకగానే ఉంటుంది. వెలిగేది మధ్యస్థితి ఒక్కటే. కాబట్టి వెలుగు లేదని ఇంటివాళ్లతో "బాగుంది" అనకండి. పక్కనే సీటీనో, ఎంఆర్ఐయో పెట్టుకుని చూడండి. వెలుగున్నచోట "ఇదంతా పోయింది" అని కూడా అనకండి. అది ఇంకా పోలేదన్నదే దాని అర్థం. మరో మెలిక, రక్తం బొత్తిగా చేరని చోటికి ట్రేసర్ కూడా చేరదు. అక్కడ బతికున్న కణాలున్నా వెలగకపోవచ్చు. సూదికి, స్కాన్‌కు మధ్య గడువు కుదిస్తే ఈ పొరపాటు ఇంకా పెరుగుతుంది. టెక్నీషియం హెచ్‌ఎంపీఏఓ స్పెక్ట్ చూపేది రక్త ప్రవాహాన్ని. ఆక్సిజన్ కొరతను చూపిందని రిపోర్టులో రాయకండి.

బొమ్మ నిజమే చెప్పినా, దాని వెంట పరుగెత్తి కత్తి పట్టవలసిన పని లేదు. అమెరికా, కెనడాల్లో కెరోటిడ్ ఆక్లూజన్ సర్జరీ స్టడీ అని ఒకటి జరిగింది. మెడలో నాళం పూర్తిగా మూసుకుపోయి, ఆక్సిజన్-15 స్కాన్‌లో మెదడు అధికంగా ఆక్సిజన్ పిండుకుంటోందని తేలినవారిని 195 మందిని ఎంచుకున్నారు. సగం మందికి పుర్రె లోపలి నాళానికి బయటి నాళం నుంచి బైపాస్ చేశారు, మిగతావారికి మందులే. తర్కం ఎంత పకడ్బందీగా ఉందో! 2011లో వచ్చిన ఫలితం మాత్రం వేరేలా ఉంది. రెండేళ్లలో అదే వైపు స్ట్రోక్ వచ్చినవారు ఆపరేషన్ వర్గంలో 21 శాతం, మందుల వర్గంలో 22.7 శాతం. దాదాపు సమానం. తొలి 30 రోజుల్లో అదే వైపు స్ట్రోక్‌లు ఆపరేషన్ వర్గంలో 14.4 శాతం, మందుల వర్గంలో 2 శాతం. స్కాన్ తప్పు చెప్పలేదు. స్కాన్ చెప్పినదానికి మనం ఎంచుకున్న చికిత్స తప్పింది. అందుకని "స్కాన్‌లో ఆక్సిజన్ తక్కువని తేలింది, వెంటనే ఆపరేషన్ చేద్దాం" అన్న మాట వింటే, ఇంకో న్యూరాలజిస్టు అభిప్రాయం తీసుకునే దాకా సంతకం పెట్టకండి.

వార్డుకు తిరిగొచ్చాక

ఎఫ్‌మిసో ఒంట్లోంచి బయటికి పోయే ముఖ్యమైన దారుల్లో మూత్రం ఒకటి. స్ట్రోక్ రోగికి చాలాసార్లు కాథెటర్, మంచానికి వేలాడే యూరిన్ బ్యాగ్ ఉంటాయి. రేడియేషన్ అంతా రోగి తలలో ఉందనుకుని కాళ్ల వైపు కూర్చునే బంధువు నిజానికి ఆ బ్యాగు పక్కనే కూర్చుంటాడు. అటెండెంటు కుర్చీని బ్యాగు లేని వైపుకు, మీటరున్నర దూరానికి జరపండి. స్కాన్‌కు పంపేముందు ఒకసారి, తిరిగొచ్చాక ఒకసారి బ్యాగు ఖాళీ చేయండి, గ్లవ్స్ వేసుకుని, చిందకుండా, మామూలు టాయిలెట్‌లోనే పోసి రెండుసార్లు నీళ్లు కొట్టండి. ఒలికితే తుడిచేముందు న్యూక్లియర్ మెడిసిన్ వాళ్లకు ఫోన్ చేయండి. గుడ్డతో అటూ ఇటూ రుద్దితే మరక పెద్దదవుతుంది.

ఆ రోజు డైపర్లు, చెమ్మగిల్లిన పక్కగుడ్డలు వేరే సంచిలో వేసి, తేదీ, సమయం, ఐసోటోపు పేరు రాసి మూతికట్టి మర్నాటి దాకా ఉంచండి. తర్వాత సర్వే మీటరుతో చూసి, మామూలు స్థాయికి దిగిందని తేలితే మిగతా ఆస్పత్రి చెత్తతో పాటే పంపవచ్చు. చూడకుండా మాత్రం పంపకండి.

గర్భిణులను, పసిపిల్లలను ఆ సాయంత్రం రోగి ఒడికి, పక్కకు చేర్చకండి. తాతను చూడాలని ఏడ్చే మనవడిని గుమ్మం దగ్గర నిలబెట్టి చేయి ఊపించండి, మర్నాడు పొద్దున ఒళ్లో కూర్చోబెట్టండి. అలాగని రోగిని అంటరానివాణ్ని చేయకండి. ఆయన కంచం, గ్లాసు వేరు చేయనక్కర్లేదు. పక్కకు తిప్పడం, ఫిజియోథెరపీ, బీపీ చూడడం, మందులు ఇవ్వడం, ఏదీ ఆపకూడదు. ఒకవైపే పడుకోబెట్టి ఉంచితే వచ్చే పుండు నెలల తరబడి మానదు.

మర్నాడే విమానం ఎక్కవలసి వస్తే, ముఖ్యంగా విదేశాల నుంచి తల్లిదండ్రుల కోసం వచ్చి వాళ్లను వెంట తీసుకెళ్లేవారు, ఏ ఐసోటోపు, ఎంత మోతాదు, ఏ రోజు ఎన్నింటికి ఇచ్చారో రాసిన ఉత్తరం ఆస్పత్రి నుంచి తీసుకోండి. కొన్ని విమానాశ్రయాల్లో ఉండే రేడియేషన్ గుర్తించే యంత్రాలు అతి తక్కువ స్థాయినీ పసిగడతాయి. ఫ్లోరిన్ అయితే ఒక రోజు, టెక్నీషియం అయితే రెండు మూడు రోజులు ఆ ఉత్తరం పాస్‌పోర్టుతో పాటే పెట్టుకోండి.